గుల్మార్గ్ కొండ స్కీయింగ్ కేంద్రంగా ఎలా ఎదిగింది? మా నాన్నగారి ఫొటో గురించి ఒక ప్రశ్న

పోలాకి ఆడపడుచు (శ్రీకాకుళం జిల్లా)

అందరికీ నమస్కారం. మాది నరసన్నపేట దగ్గర పోలాకి. మా నాన్నగారు పదిహేడేళ్ళు సైన్యంలో పనిచేసి ఊరికి తిరిగి వచ్చినవారు. ఆయన కాలం చేసి రెండేళ్ళయింది. మొన్న పెద్దపండక్కి ఇల్లు సర్దుతూ అటక మీది ట్రంకుపెట్టె దించితే, అందులో బట్టల అడుగున ఒక నలుపు తెలుపు ఫొటో దొరికింది. నాన్నగారు మోకాళ్ళ వరకూ మంచులో నిలబడి, తన కంటే పొడుగైన రెండు చెక్క బద్దలను భుజానికి ఆనించి పట్టుకున్నారు. వెనక్కి తిప్పితే ఆయన గుండ్రటి చేతిరాతలో ‘గుల్మార్గ్, ఫిబ్రవరి 1974’ అని ఉంది. ఆయన వెనక కనిపించే మంచు వాలు మీద అడ్డంగా, ఒకదాని పైన ఒకటిగా సన్నటి గీతలు ఉన్నాయి. ఫొటో పాతబడి పడిన గీతలనుకుని, శ్రీకాకుళంలో ఒక స్టూడియోకి ఇచ్చి, వాటిని తుడిచేసి పెద్దది చేయమని చెప్పి వచ్చాను.

ఆ రోజుల గురించి నాన్నగారు ఎక్కువ మాట్లాడేవారు కాదు. “రెండు గంటలు ఎక్కితే నాలుగు నిమిషాల్లో దిగిపోయేవాళ్ళం” అన్న ఒక్క మాట మాత్రం ఎప్పుడైనా అనేవారు. మా అబ్బాయి ఇప్పటి గుల్మార్గ్ వీడియో చూపిస్తే, అందులో జనం అద్దాల పెట్టెల్లో కూర్చుని, కాలు కదపకుండా కొండ నెత్తిదాకా వెళ్ళిపోతున్నారు. నాన్నగారు ఎక్కిన కొండా ఇదీ ఒకటేనంటే నమ్మబుద్ధి కాలేదు.

బద్దలు కాళ్ళకు కట్టుకుని మంచు మీద జారే ఈ స్కీయింగ్‌ను అక్కడ ఎవరు మొదలుపెట్టారు? సైన్యం ఎందుకు వెళ్ళింది? ఒక కొండ ఊరు దేశమంతా వెళ్ళే చోటుగా ఎలా మారింది? తెలిసినవారు వివరంగా చెబితే, ఫొటో పక్కన రాసి పెట్టుకుంటాను. మనుమలకు చూపించేటప్పుడు ఉట్టి ఫొటో చూపిస్తే సరిపోదనిపిస్తోంది.

కంటోన్మెంట్ మాస్టారు (విజయనగరం)

అమ్మా, నేను ముప్పై ఏళ్ళు భూగోళశాస్త్రం చెప్పినవాడిని. మీ ప్రశ్న చూడగానే జవాబు రాయాలనిపించింది.

గుల్మార్గ్ అంటే పూల మైదానం. 16వ శతాబ్దంలో కశ్మీరును ఏలిన యూసుఫ్ షా చక్ ఆ పేరు పెట్టాడనీ, అంతకు ముందు దాన్ని గౌరీమార్గ్ అనేవారనీ చెబుతారు. జహంగీరు అక్కడి నుంచి 21 రకాల అడవిపూలు ఏరించి తెప్పించుకున్నాడంటారు. బ్రిటిష్ వారి కాలంలో మైదాన ప్రాంతాల ఎండకు తాళలేని అధికారులు అక్కడ చెక్క ఇళ్ళు కట్టుకుని, గోల్ఫ్ ఆడుకుంటూ వేసవి గడిపేవారు. 1902లో కట్టిన సెయింట్ మేరీస్ చర్చి ఇప్పటికీ ఉంది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పేరు పూల పేరు, ప్రాశస్త్యం వేసవి ప్రాశస్త్యం. మంచు పడటం మొదలయ్యేసరికి జనం తలుపులకు తాళాలు వేసుకుని కిందికి దిగిపోయేవారు. అంటే ఆ రోజుల్లో మంచు గుల్మార్గ్‌ను ఖాళీ చేయించేదే తప్ప నింపేది కాదు.

ఐరోపాలోనూ చాలాకాలం ఇదే పరిస్థితి. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్‌లో 1864లో యోహానెస్ బాద్రుట్ అనే హోటల్ యజమాని, వేసవికి వచ్చిన ఆంగ్లేయులను చలికాలంలో కూడా వచ్చి ఉండమని పిలిచి, నచ్చకపోతే దారిఖర్చులు తానే ఇస్తానని పందెం కాశాడని అక్కడివారు చెప్పుకుంటారు. వేసవి విడిది శీతాకాలపు విడిది కావాలంటే, చలిలో రావడానికి జనానికి ఒక కారణం దొరకాలి. స్కీయింగ్ ఆ కారణం అయింది.

గుల్మార్గ్‌కు ఆ కారణం 1927లో చేరింది. ఇద్దరు బ్రిటిష్ సైనికాధికారులు అక్కడ స్కీ క్లబ్ ఆఫ్ ఇండియాను స్థాపించారు. క్రిస్మస్‌కూ, ఈస్టర్‌కూ సభ్యులు చేరి పోటీలు పెట్టుకునేవారు. అది కొద్దిమంది దొరల వినోదమే కానీ, ఆ కొండ స్కీయింగ్‌కు పనికొస్తుందని తేల్చినవారు వారే. 1947లో వారు వెళ్ళిపోయాక క్లబ్బు వైభవం కూడా వారితోనే పోయింది.

కొండ స్వభావం కూడా రెండు మాటల్లో చెబుతాను. గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తున, పీర్ పంజాల్ శ్రేణి ఒడిలో ఉంది. మనకు బంగాళాఖాతం నుంచి వాయుగుండాలు వచ్చినట్టే, చలికాలంలో కశ్మీరుకు మధ్యధరా సముద్రం వైపు నుంచి తేమ మోసుకుని మేఘాలు వస్తాయి. వాతావరణ శాఖవారు వాటిని వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లు అంటారు. పీర్ పంజాల్ వాటికి అడ్డంగా నిలబడటం వల్ల ఆ తేమంతా అక్కడే మంచుగా కురుస్తుంది. గుల్మార్గ్‌కు పైన దేవదారు, పైన్ అడవులు, ఆ పైన చెట్టన్నదే లేని అఫర్వత్ వాలులు. సుమారు 4,200 మీటర్ల ఆ కొండ మీద మంచు తడి లేకుండా పిండిలా పడుతుంది. స్కీ చేసేవారికి అంతకంటే కావలసింది లేదు.

స్వాతంత్ర్యం తరువాత పర్యాటక శాఖవారు స్కీయింగ్‌కు తగిన చోటు చూపమని రుడాల్ఫ్ మాట్ అనే నిపుణుడిని 1960లో పిలిపించగా, ఆయన గుల్మార్గ్‌ను ఎంచాడు. 1968లో స్కీయింగ్, పర్వతారోహణ నేర్పే సంస్థను అక్కడే ప్రారంభించారు. మీ నాన్నగారు వెళ్ళేనాటికి దానికి ఆరేళ్ళు. అంటే ఆయన చూసినది పుడుతున్న గుల్మార్గ్. సైన్యం సంగతి నాకంటే ఆ దుస్తులు వేసుకున్నవారు చెబితే బాగుంటుంది.

మాజీ హవల్దారు (ఎచ్చెర్ల)

అమ్మా, మీ నాన్నగారి మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నేను ఆయన కంటే దాదాపు పదేళ్ళు వెనక, 1980ల మొదట్లో ఆ కొండ మీద శీతాకాలపు శిక్షణ పొందాను.

1947–48 యుద్ధంలో మనవాళ్ళు కశ్మీరు కొండల మీద, కనుమల్లో పోరాడవలసి వచ్చింది. మంచులో నడవడం, బరువు మోయడం, బతకడం అన్నవి వేరే విద్యలని ఆ యుద్ధం నేర్పింది. 1948 డిసెంబరులో 19వ పదాతి డివిజన్ గుల్మార్గ్‌లో ఒక స్కీ పాఠశాల పెట్టింది. అప్పుడు ఆ డివిజన్‌ను నడిపించినది జనరల్ తిమ్మయ్య గారు. ఆ చిన్న పాఠశాలే పెరిగి పెద్దదై, 1962లో హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ అయింది. ఆ ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలు కలిపి మేమందరం దాన్ని ‘హాజ్’ అనేవాళ్ళం. చలికాలంలో శిక్షణ గుల్మార్గ్‌లో, వేసవిలో కొండలెక్కే శిక్షణ సోనామార్గ్‌లో. దొరల క్లబ్బు చల్లబడిపోయాక, పర్యాటకులు ఇంకా రాకముందు, ఏటా చలికాలంలో ఆ కొండ మీద స్కీల జాడ చెరిగిపోకుండా నిలిపింది సైన్యమే. ఈ మాట పొగరుతో కాదు, గౌరవంతో రాస్తున్నాను.

ఇప్పుడు మీ ఫొటో సంగతి. నాన్నగారి చేతిలో ఉన్న బద్దలు కొయ్య స్కీలు. వాటి అడుగున మైనం రాసి, చేత్తో రుద్ది రుద్ది నునుపు చేసేవాళ్ళం. మైనం సరిగ్గా పట్టకపోతే మంచు ఉండలు కట్టి అడుగున అతుక్కుంటుంది. అప్పుడు స్కీ జారదు, మనిషే ముందుకు తూలి పడతాడు. బూటు ముందు భాగాన్ని స్కీకి బిగించే తోలుపట్టీ రాత్రికి గడ్డకట్టి కర్రలా అయిపోయేది. తెల్లవారుజామున చేతితొడుగు తీసి, ఒట్టి వేళ్ళతో దాన్ని పిసికి మెత్తబరచుకోవాలి. వేళ్ళకు స్పర్శ పోయిందనిపించగానే చంకలో పెట్టుకుని వెచ్చబడ్డాక మళ్ళీ పిసకాలి. నాగావళి ఒడ్డున పుట్టి, పుష్యమాసపు పొగమంచు తప్ప మరో మంచు ఎరగని నాకు, మొదటి వారం ప్రతి ఉదయం ఆ తోలుపట్టీతోనే యుద్ధం.

ఎక్కడం ఇలా ఉండేది. వాలు తక్కువగా ఉంటే స్కీల ముక్కులు ఎడంగా, మడమలు దగ్గరగా పెట్టి బాతులా ఎక్కడం. వాలు నిటారుగా ఉంటే కొండకు పక్కకు తిరిగి, పై కాలు ఒక అడుగు పైకి వేసి, కింది కాలు దాని పక్కకు చేర్చి, అలా అడుగు తరువాత అడుగు. పైగా కొత్తగా పడిన మంచు మెత్తగా ఉంటుంది కనుక, దిగేముందు దాన్ని తొక్కి గట్టిపరచాలి. మొత్తం ప్లటూన్ వరుసగా నిలబడి, అందరం పక్కకు తిరిగి, ఒక్కొక్క అడుగే వేస్తూ కింది నుంచి పై దాకా ఆ వాలును తొక్కేవాళ్ళం. వరినాట్లలో ఆడవాళ్ళు వరుస తప్పకుండా వెనక్కి నడిచినట్టే, మేము వరుస తప్పకుండా పైకి నడిచేవాళ్ళం.

అలా తొక్కిన వాలు మీద అడ్డంగా, నిచ్చెన మెట్ల మాదిరి గీతలు పడతాయి. అమ్మా, మీరు రాసిన గీతలు అవేనేమో ఒకసారి చూడండి. ఫొటో మీద పడిన గీత అంచు దాకా సాగుతుంది, నాన్నగారి ఒంటి మీదుగా కూడా వెళ్తుంది. మంచు మీది గీతలైతే ఆయన భుజం దగ్గర ఆగిపోయి, అవతలి పక్క మళ్ళీ కనిపిస్తాయి.

ఆ కొండ ప్రాణాలు కూడా తీసుకుంది. 2010 ఫిబ్రవరి 8న శిక్షణలో ఉన్న జవాన్ల మీద హిమపాతం విరుచుకుపడింది. ఆ వార్త టీవీలో చూసిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

పోలాకి ఆడపడుచు

మాస్టారు గారికీ, హవల్దారు గారికీ చేతులెత్తి దండం. స్టూడియోకి ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. రేపు ఉదయమే బస్సెక్కి వెళ్తాను. ఈలోగా ఒక్క సందేహం. 1927లో క్లబ్బు, 1948లో సైన్యం, 1968లో పాఠశాల వచ్చాయి కదా. మరి ఆ అద్దాల పెట్టెలు రావడానికి అంతకాలం ఎందుకు పట్టింది?

బొబ్బిలి ఫిట్టర్

అక్కా, నేను బొబ్బిలివాడిని. ఉక్కు మోకులతో నడిచే యంత్రాల నిర్వహణలో పద్దెనిమిదేళ్ళుగా ఉన్నాను. మీరు అడిగిన ఆ పెట్టెలను గొండోలా అంటారు. నా లెక్కలో గుల్మార్గ్ చరిత్రను మోకు రాకముందు, మోకు వచ్చిన తరువాత అని రెండుగా విడదీయాలి. మీ నాన్నగారి మాటలోనే దానికి కారణం ఉంది. రోజంతా కష్టపడి రెండుసార్లు ఎక్కితే, రోజు మొత్తానికి దిగేది ఎనిమిది నిమిషాలు. సైనికుడు విధిగా చేస్తాడు. డబ్బు పెట్టి వచ్చినవాడు చేయడు. అందుకే స్కీయింగ్ ఊళ్ళు ఎక్కడ ఎదిగినా మనిషిని పైకి మోసే యంత్రంతోనే ఎదిగాయి.

కుర్చీ లిఫ్టు పుట్టుక వింటే ఆశ్చర్యపోతారు. అమెరికాలో యూనియన్ పసిఫిక్ రైల్వే సంస్థ ఐడహో రాష్ట్రంలో సన్ వ్యాలీ అనే స్కీ కేంద్రం కడుతున్నప్పుడు, ఆ సంస్థ ఇంజనీరు జేమ్స్ కరన్‌కు అంతకు ముందు ఓడల్లోకి అరటి గెలలు ఎక్కించే యంత్రాలతో పని చేసిన అనుభవం ఉంది. తిరిగే మోకుకు కొక్కేలు, కొక్కేలకు గెలలు. ఆయన కొక్కేనికి గెల బదులు కుర్చీ తగిలించాడు. 1936లో అదే ప్రపంచంలో మొదటి కుర్చీ లిఫ్టు అయింది. అరటి గెలలు మోసిన పద్ధతే మనుషులను మోసింది.

గొండోలా దానికి పెద్దన్న. కింద స్టేషనులో ఒక పెద్ద చక్రం, పైన స్టేషనులో మరొకటి, వాటి చుట్టూ మొదలూ చివరా లేకుండా కలిపి పేనిన ఉక్కు మోకు. మధ్యలో స్తంభాల మీద వరుసగా గిలకలు ఉంటాయి. మన బావి గిలకలాంటివే, కానీ ఒక్కో స్తంభానికి ఎన్నో. ప్రతి పెట్టె నెత్తిన ఉక్కు పిడికిలి ఒకటి ఉంటుంది. గట్టి స్ప్రింగుల బలంతో అది మోకును పట్టుకుంటుంది. ఎండకు మోకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది కనుక, ఎప్పుడూ ఒకే బిగువు ఉండేలా చివరి చక్రాన్ని వెనక్కి లాగిపట్టే ఏర్పాటు ఉంటుంది. ఇందులో ఏ ఒక్కటి అలసత్వం చేసినా గాలిలో ఉన్న మనిషికి దిక్కు లేదు. అందుకే మా పనిలో రోజు మొదటి గంట ప్రయాణికులది కాదు, తనిఖీది.

ఇప్పుడు ఆలస్యం సంగతి. గుల్మార్గ్ గొండోలాను ఫ్రాన్స్‌కు చెందిన పోమగాల్స్కీ సంస్థ కట్టింది. 1980ల చివర్లో పని మొదలయ్యాక కశ్మీరులో పరిస్థితులు చెడిపోయి ఆగిపోయింది. అసలే ఆ ఎత్తున పునాదులు తవ్వగలిగేది మంచు కరిగిన కొద్ది నెలల్లోనే. సరిగ్గా ఆ నెలల్లో పనిచేయలేని కాలం వచ్చింది. తిరిగి సాగి, గుల్మార్గ్ నుంచి కొంగ్‌డూరి దాకా మొదటి దశ 1998లో నడిచింది. అక్కడ ఎత్తు 3,080 మీటర్లు. కొంగ్‌డూరి నుంచి అఫర్వత్ భుజం దాకా, దాదాపు 3,980 మీటర్ల ఎత్తుకు వెళ్ళే రెండో దశ 2005 మే నెలలో మొదలైంది. రెండో దశ ఒక్కటే మనిషిని 900 మీటర్లు పైకి లేపుతుంది. మీ నాన్నగారి కాలంలో సగం పూట పట్టే ఎత్తు ఇప్పుడు పది పన్నెండు నిమిషాలు. ప్రపంచంలో అంత ఎత్తుకు వెళ్ళే గొండోలాలు చాలా అరుదు. 2005 తరువాతే పిండి మంచు కోసం విదేశీయులు గుంపులుగా రావడం మొదలైంది.

2017 జూన్ 25న బలమైన గాలికి ఒక పైన్ చెట్టు విరిగి మోకు మార్గం మీద పడి ఏడుగురు చనిపోయారు. మోకు పక్కన ఎంత దూరం దాకా చెట్టు ఉండకూడదన్నది మా వృత్తిలో కాగితం మీది నిబంధన కాదు, ప్రాణం. ఆ రోజు నుంచి నేను ఏ మోకు కింద నిలబడినా ముందు స్తంభాలు కాదు, చుట్టూ ఉన్న చెట్లు చూస్తాను.

టెక్కలి విద్యార్థి

పెద్దలందరికీ నమస్కారం. చర్చ చదువుతుంటే ఒక ఆలోచన వచ్చింది. మన మహేంద్రగిరి మీద గానీ, చలికాలంలో జనం ఎగబడే లంబసింగిలో గానీ ఇలాంటిది పెట్టలేమా?

కంటోన్మెంట్ మాస్టారు (విజయనగరం)

బాబూ, లంబసింగిలో తెల్లవారి గడ్డి మీద కనిపించేది మంచు కురిసి పేరుకున్నది కాదు, నేల చల్లబడి మంచుబిందువులు గడ్డకట్టడం. పొద్దెక్కితే పోతుంది. మహేంద్రగిరి 1,501 మీటర్లు. మన అక్షాంశంలో ఆ ఎత్తున మంచు కురవదు. కృత్రిమంగా మంచు చిమ్మే యంత్రాలకు కూడా గాలి దాదాపు సున్నా డిగ్రీల దాకానైనా చల్లబడాలి. ఆ కొండలకు వాటి అందాలు వాటికి ఉన్నాయి.

ఫిట్టర్ గారూ, మోకుతోనే ఎదిగింది అన్న మీ మాటతో నేను చాలావరకు ఏకీభవిస్తాను. అయితే మోకు పడటానికి ముందు అక్కడ నేర్పేవారు ఉండకపోతే, పైకి వెళ్ళినవారు ఫొటోలు తీసుకుని అదే పెట్టెలో దిగి వచ్చేవారు. 1948 నుంచీ, 1968 నుంచీ తయారైన మనుషుల వల్లే ఆ మోకు స్కీయింగ్‌కు పనికొచ్చింది.

పాలకొండ కుర్రాడు

మాస్టారు గారి మాటకు నా అనుభవం జతచేస్తాను. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, మూడేళ్ళ కింద సెలవు పెట్టి గుల్మార్గ్‌లో పద్నాలుగు రోజుల ప్రాథమిక శిక్షణ తీసుకున్నాను. శ్రీనగర్ నుంచి తంగ్‌మార్గ్ దాకా మామూలు దారి. అక్కడి నుంచి 13 కిలోమీటర్ల ఘాట్ రోడ్డుకు టైర్లకు ఇనుప గొలుసులు చుట్టిన బండి ఎక్కాలి. ఆ గొలుసులు మంచును కొరుకుతూ చేసే శబ్దం ఇంకా చెవుల్లో ఉంది.

మా గురువు తంగ్‌మార్గ్ మనిషి. మొదటి రోజంతా పడటం, లేవడమే నేర్పారు. రెండో రోజు స్కీల ముక్కులు దగ్గరగా, మడమలు దూరంగా పెట్టి, నాగలి కర్రులా మంచును తోస్తూ ఆగడం నేర్పారు. దాని పేరు కూడా స్నో ప్లౌ, అంటే మంచు నాగలి. “ముందు ఆగడం నేర్చుకో, జారడం కొండే నేర్పుతుంది” అనేవారు. ఆయన తండ్రి పర్యాటకులను కొయ్య స్లెడ్జి మీద కూర్చోబెట్టి తాడుతో లాగేవారట. ఈయన చిన్నతనంలో విరిగిన స్కీల మీద జారి నేర్చుకుని, తరువాత పరీక్షలు రాసి శిక్షకుడయ్యారు. ఒక స్కీ కేంద్రం ఎదగడమంటే నాకు కళ్ళకు కట్టింది ఆ ఇంట్లోనే. స్లెడ్జి లాగే ఇంటి బిడ్డ అదే మంచు మీద గురువై నిలబడ్డాడు.

ఆ తరం నుంచే ఆరిఫ్ ఖాన్ వచ్చారు. వాళ్ళ నాన్నగారికి గుల్మార్గ్‌లో స్కీ సామాను దుకాణం ఉండేది. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున పాల్గొన్నది ఆయన ఒక్కరే. పాతిన జెండాల మధ్య మలుపులు తిరుగుతూ దిగే జెయింట్ స్లాలమ్ పోటీలో 45వ స్థానంలో నిలిచారు. ఇక 2020 నుంచి కేంద్ర ప్రభుత్వం పెట్టే ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు గుల్మార్గ్‌లో జరుగుతున్నాయి.

అయితే మంచు నమ్మకంగా రావడం లేదు. డిసెంబరు 21 నుంచి నలభై రోజుల గడ్డు చలికాలాన్ని కశ్మీరులో చిల్లా-ఎ-కలాన్ అంటారు. 2024 జనవరిలో ఆ నలభై రోజుల్లో చాలాభాగం గుల్మార్గ్ గోధుమరంగు గడ్డితో ఎండిపోయి ఉంది. నెలాఖరుకు గానీ మంచు పడలేదు. 2025లో మంచు చాలక ఖేలో ఇండియా పోటీలను ఫిబ్రవరి నుంచి మార్చికి జరిపారు. ఆ 2024 జనవరిలో మా గురువుకు ఫోన్ చేస్తే, “స్కీలు గోడకు ఆనించి ఉన్నాయి, మేమూ గోడకు ఆనుకుని ఉన్నాం” అన్నారు. వాన పడని ఆషాఢంలో మన రైతు గొంతు ఎలా ఉంటుందో అలాగే ఉంది. హోటళ్ళు పెరిగాయి, బళ్ళు పెరిగాయి, కానీ చలికాలం రాబడి మొత్తం ఆకాశం మీదే ఆధారపడి ఉంది.

ఉత్తరాఖండ్‌లోని ఔలి కూడా గుర్తు చేయాలి. 2011 జనవరిలో దక్షిణాసియా శీతాకాల క్రీడల స్కీయింగ్ పోటీలు అక్కడ జరిగాయి. కింద జోషీమఠ్ నుంచి సుమారు నాలుగు కిలోమీటర్ల రోప్‌వే ఔలికి వెళ్ళేది. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి ఇళ్ళు బీటలు వారాయి, రోప్‌వే కూడా ఆపేశారు. గుల్మార్గ్‌లో ఇంకా ఏం కట్టాలన్నా, పైన పడే మంచుతో పాటు కింద ఉన్న నేలను కూడా చూసి కట్టాలని నా గట్టి అభిప్రాయం.

మాజీ హవల్దారు (ఎచ్చెర్ల)

బాబూ, మీ గురువుగారి మాట చదివి సంతోషం కలిగింది. మా రోజుల్లో తంగ్‌మార్గ్ కుర్రాళ్ళు మేము దిగే వాలు పక్కన నిలబడి, రెండు పలకలు కాళ్ళకు తాళ్ళతో కట్టుకుని మా వెనకే జారేవారు. మాకు నేర్పే ఉస్తాద్ చూసీచూడనట్టు వదిలేసేవారు. మాలో చాలామంది కంటే వాళ్ళే బాగా జారేవారు.

పోలాకి ఆడపడుచు

ఈ ఉదయం మొదటి బస్సుకే శ్రీకాకుళం వెళ్ళాను. స్టూడియో అబ్బాయి కంప్యూటర్‌లో అప్పటికే ఫొటో తెరిచి, కింది మూల నుంచి నాలుగైదు గీతలు తుడిచాడు. అసలు ఫొటో మాత్రం భద్రంగా ఉంది. భూతద్దం అడిగి తీసుకుని హవల్దారు గారు చెప్పినట్టే చూశాను. ఒక్క గీత కూడా నాన్నగారి ఒంటి మీదుగా పోలేదు. అన్నీ ఆయన ఎడమ భుజం దగ్గర ఆగి, కుడి భుజం అవతల మళ్ళీ మొదలవుతున్నాయి. పైకి వెళ్ళేకొద్దీ దగ్గర దగ్గరగా, ఫొటో పై అంచు దాకా ఉన్నాయి. లెక్కపెడదామని కూర్చుంటే యాభై దాటాక కళ్ళు నీళ్ళు తిరిగి వరుస తప్పింది.

తుడిచిన గీతలను మళ్ళీ అసలు ఫొటో నుంచి తెచ్చి పెట్టమన్నాను. మరకలు మాత్రం తీసి, గీతలు ఒక్కటి కూడా పోకుండా పెద్దది చేస్తానన్నాడు. శుక్రవారం ఇస్తాడు. మీరందరూ రాసినదాన్ని మా అబ్బాయి చేత శుభ్రంగా రాయించి, ఫ్రేము వెనక అతికిస్తున్నాను. హవల్దారు గారూ, ఎచ్చెర్ల మాకు దూరమేమీ కాదు. మీకు వీలైన రోజు చెబితే, ఫొటో తీసుకుని నేనూ మా అమ్మా వచ్చి మీకు చూపిస్తాం.